నీడ మారే బెంచీలు

మా అన్నయ్య ఆబెల్‌కు సెల్‌ఫోన్ ఉంది. అది వంటింటి బల్ల సొరుగులో చెంచాల పక్కన ఉంటుంది. అక్కడుంటే ఎక్కడికీ పోదని ఆయన వాదన. జూలై పదమూడున పొద్దున్నే పెద్దాసుపత్రి నర్సు ఆ చెంచాల సొరుగుకే ఏడుసార్లు ఫోన్ చేసి, విసిగిపోయి, చివరికి నాకు చేసింది. అప్పటికి తొమ్మిది కావడానికి పది నిమిషాలుంది.

"మేడమ్, మీ అన్నగారి పేరు మా దగ్గర ఆపరేషన్ వెయిటింగులో ఉంది కదా. ఇవాళ ఒకాయన రానన్నారు. ఆ చోటు మీవాళ్ళకిస్తాం. పన్నెండింటికల్లా కళ్ళ విభాగంలో ఉండాలి. మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. పన్నెండు దాటితే ఇంకొకరిని పిలుచుకుంటాం."

"రేపు కుదరదా?"

"రేపు జాతీయ పండుగ. ఎల్లుండి శనివారం. సోమవారం నుంచి డాక్టరుగారు సెలవు. ఆ తర్వాతంటే మళ్ళీ ఫిబ్రవరే."

ఫిబ్రవరి అంటే ఏమిటో నాకు తెలుసు. అన్నయ్యకు ఎడమ కన్ను పోయి రెండేళ్ళయింది. కుడికంట్లో మిగిలిన కాస్త చూపూ ఈ చలికాలం దాటదని డాక్టరు వసంతంలోనే చెప్పాడు. నాకు చెప్పాడు, ఆయనకూ చెప్పాడు. "డాక్టర్లు అలాగే అంటారు" అని అన్నయ్య టోపీ పెట్టుకుని బయటికొచ్చేశాడు.

బస్సు దిగి ఆయన ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర. నా దగ్గరున్న తాళంతో తలుపు తీశాను. మనిషి లేడు. బల్ల మీద రాత్రి పోసుకున్న సూపు గిన్నె నిండుగా అలాగే ఉంది, పైన పొర కట్టి. ఉల్లిపాయల సూపు, ఆదివారం నేనే చేసిపెట్టి వెళ్ళింది. ముప్ఫయ్యేళ్ళు బడి క్యాంటీన్లో వంట చేసినదాన్ని, పారబోసిన తిండి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ గిన్నెను సింకులో పడేసి, మళ్ళీ తాళం వేసి, వీధిలోకి వచ్చాను.

ఆయన్ని పట్టుకోవడం అంత కష్టమని నేననుకోలేదు. మా నీమ్ ఊళ్ళో వేసవిలో ముసలివాళ్ళు నీడను బట్టి నడుస్తారు. పొద్దున ఒక బెంచీ, పదింటికి ఒకటి, పదకొండింటికి ఒకటి. నీడ జరిగితే వీళ్ళూ జరుగుతారు. పైగా మా అన్నయ్య ముప్ఫై రెండేళ్ళు ఊరి తోటల్లో మాలీగా చేసినవాడు. ఏ చెట్టు నీడ ఏ వేళకు ఏ బెంచీ మీద పడుతుందో చెట్టుకే తెలియకపోవచ్చు గాని ఆయనకు తెలుసు. పది దాకా గుండ్రటి కోట, అదే, రోమన్లు కట్టిన, ఇప్పుడు ఎద్దులతో పోరాటాలు జరిగే కోట గోడ పక్కన. పదిన్నర దాకా కూరల మార్కెట్టు సందు. పదకొండుకు ఊటల తోట. తర్వాత ఇల్లు, భోజనం, కునుకు. ఇంత తేలికైన మనిషిని రెండు గంటల్లో పట్టుకోలేనా అనుకున్నాను.

గుండ్రటి కోట దగ్గర బెంచీ మీద ఎడ్మండ్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. రిటైరైన పోస్ట్‌మన్, అన్నయ్యకు నలభై ఏళ్ళ స్నేహితుడు. చొక్కా వీపంతా తడిసి ఉంది, ఆయాసపడుతున్నాడు. కూర్చున్న మనిషికి అంత చెమటేమిటని ఒక్క క్షణం అనిపించింది, గాని ఆగి ఆలోచించే ఓపిక నాకెక్కడిది.

"ఎడ్మండ్ గారూ, అన్నయ్య ఏడీ?"

"ముందు బుగ్గ ఇటు పెట్టు. అరవై దాటాక మర్యాద మర్చిపోతారా ఎవరైనా?"

మా ఊళ్ళో పలకరింపంటే మూడు ముద్దులు. పారిస్ వాళ్ళు రెండుతో సరిపెట్టుకుంటారు, మేం మూడు లేనిదే వదలం. కుడి, ఎడమ, మళ్ళీ కుడి. మధ్యలో ఆయన కళ్ళజోడు నా చెవిపోగుకు చిక్కుకుంది. అది విడిపించడానికి ఒక నిమిషం పట్టింది.

"నీ మోకాలు ఎలా ఉంది?" అన్నాడు.

"బాగానే ఉంది. అన్నయ్య..."

"మా ఆవిడ చెల్లెలికి మోకాలు మార్చారు తెలుసా? ఇనప మోకాలు. వాన వచ్చేముందు మోగుతుందట."

"నాకు టైం లేదండీ."

"టైం లేనిది నీకా నాకా? నాకు డెబ్బై తొమ్మిది" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నన్ను ఎగాదిగా చూశాడు. "ఇంతకీ వాడితో నీకేం పని?"

చెప్పొచ్చు. ఒక్క ముక్క చెబితే పోయేది. కాని మేం ప్రొటెస్టెంట్ ఇంటివాళ్ళం, మా అమ్మ పెంపకం అలాంటిది. ఇంట్లో జబ్బుంటే కిటికీ మూసి మాట్లాడేది. నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో ఆర్నెల్లు మంచం పట్టినా, పక్కింటివాళ్ళకు శవపేటిక చూశాకే తెలిసింది. వీధి బెంచీ మీద మా వాడి కళ్ళ సంగతి పరచడం నాకు చేతకాలేదు.

"ఇంటి పని" అన్నాను.

"ఇంటి పనా" అన్నాడు ఎడ్మండ్, ఆ మాట చప్పరిస్తున్నట్టు. "ఇప్పుడే లేచి వెళ్ళాడు. స్టేషన్ రోడ్డు వైపు. రైళ్ళు చూస్తానన్నాడు." నేను కదులుతుంటే వెనక నుంచి అన్నాడు. "వాడికి ఒంట్లో బాగాలేదేమో చూడు. ఇవాళ నేను కొనిచ్చిన పాతే తినకుండా జేబులో పెట్టుకున్నాడు."

పాతే అంటే కైమా కూరిన గుండ్రటి చిన్న పఫ్. మా ఊళ్ళో పొద్దున పదింటికి అది నోట్లో పడకపోతే పొద్దు గడవదు. తినలేదా, బతికించాడు అనుకుని స్టేషన్ రోడ్డు పట్టాను. నాకు భయమంతా అదే. పన్నెండులోపు దొరకడం ఒక ఎత్తు, ఖాళీ కడుపుతో దొరకడం ఇంకో ఎత్తు. ఊరంతా ఆయన నోట్లో ఏదో ఒకటి పెట్టేవాళ్ళే.

స్టేషన్ రోడ్డు తిన్నగా, వెడల్పుగా ఉంటుంది. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాను. పెట్టెలు లాక్కుంటూ సెలవులకు పోయేవాళ్ళు, నీళ్ళ పాయలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న విదేశీయులు. "ఆబెల్" అని రెండుసార్లు గట్టిగా అరిచాను కూడా. మూడొందల మంది పిల్లల గోలలో వినబడాల్సిన గొంతు నాది, రోడ్డవతల కుక్క కూడా తిరిగి చూసింది. ఆయన జాడ లేదు. ప్లాట్‌ఫాం దాకా వెళ్ళాక గాని తట్టలేదు నా బుర్రకు. కళ్ళు సరిగా కనబడని మనిషి రైళ్ళు చూడ్డమేమిటి?

ఎడ్మండ్‌ను తిట్టుకుంటూ వెనక్కి తిరిగాను. ముసలితనంలో మతి పోయినట్టుంది అనుకున్నాను. ఎండ అప్పటికే నెత్తి మీద పెనంలా ఉంది. మర్నాటి పండుగ కోసం వీధులకు అడ్డంగా జెండాల తోరణాలు కడుతున్నారు. ఒకచోట నిచ్చెన దిగేదాకా ఆగమన్నారు, ఇంకోచోట చుట్టూ తిరిగి పొమ్మన్నారు. కూరల మార్కెట్టుకు చేరేసరికి పది గంటల ఇరవై ఐదు.

మార్కెట్టు లోపల పాతేల కొట్టు ఉగెట్‌ది. మోచేతుల దాకా పిండి, తల మీద తెల్ల గుడ్డ, నాకన్నా ఆరేళ్ళు పెద్దది. పండుగ ముందు రోజు కాబట్టి కొట్టు ముందు బారు పెద్దదే ఉంది. బారు తప్పించి పక్కనుంచి దూరాను. నలుగురు నన్ను తిట్టారు. మళ్ళీ మూడు ముద్దులు, ఈసారి పిండితో సహా.

"ఏంటమ్మాయ్, ఎర్రగా కందిపోయావ్? కూర్చో, కాఫీ తాగు."

"కాఫీ వద్దు. అన్నయ్య వచ్చాడా?"

"రాకేం. తాగితే చెప్తా."

తాగాను. నాలిక కాలింది. "ఏడీ?"

"పాతే ఇస్తే జేబులో వేసుకున్నాడు. తర్వాత తింటానన్నాడు. నా చేతి పాతే ఎవడైనా చల్లారబెట్టుకుని తింటాడా చెప్పు" అంది ఉగెట్ కోపంగా. తర్వాత గొంతు తగ్గించింది. "నీకు ఇంత అర్జెంటుగా వాడెందుకు?"

"ఇంటి సంగతి."

ఉగెట్ మొహంలో ఏదో ముడుచుకుంది. అప్పటిదాకా అమ్మాయ్ అన్నది కాస్తా మేడమ్ అన్న పద్ధతిలోకి మారింది. "ఊటల తోటకెళ్ళాడు. పైన కొండ మీది పాత టవర్ దాకా ఎక్కుతానన్నాడు ఇవాళ. గాలి బాగుంటుంది కదండీ" అని బారు వైపు తిరిగింది. "ఎవరిదమ్మా ముందు?"

రెండు పాతేలు ఆయన జేబులో ఉన్నాయి. తోటలో కూర్చోగానే బయటికి తీస్తాడు. అక్కడ ఇనప గుండ్ల ఆట ఆడే జట్టు ఉంటుంది, పదకొండు కొట్టగానే సోంపు సారా పోస్తారు. సారాలోకి పాతే. మోకాలి సంగతి మర్చిపోయి కాలువ గట్టు వెంట పరిగెత్తాను. అరవై రెండేళ్ళ ఆడది చేతిసంచీ ఊపుకుంటూ పరిగెడుతుంటే జనం దారిచ్చారు, అది మాత్రం మెచ్చుకోవాలి.

ఊటల తోటలో నీళ్ళ తొట్టెల అవతల చెస్ట్‌నట్ చెట్ల కింద ఆట సాగుతోంది. జట్టుకు పెద్ద సిప్రియెన్. వంగి గుండు విసరబోతున్నాడు.

"ఆబెల్ ఏడీ?" అని దూరం నుంచే అరిచాను.

గుండు ఎటో పోయింది. జట్టంతా నా వైపు చూసింది. సిప్రియెన్ నడుం మీద చేతులు పెట్టుకుని నెమ్మదిగా లేచాడు. "నొయెమీ, మనిషి గుండు విసిరేటప్పుడు అరవకూడదని మీ ఇంట్లో చెప్పలేదా? పద్నాలుగు పాయింట్ల ముందున్నాను."

"పదమూడుకే ఆట అయిపోతుంది గదండీ."

"అందుకే చెప్తున్నా, ఎంత బాగా ఆడుతున్నానో చూడు."

జట్టు నవ్వింది. వాళ్ళు ఆరుగురు. ఆరు మూళ్ళు పద్దెనిమిది ముద్దులు. తప్పించుకుందామని చెయ్యి ఊపాను, కుదర్లేదు. ఒకడి మీసం, ఒకడి వెల్లుల్లి, ఒకడి చెమట. ఆ పద్దెనిమిదీ అయ్యాక సిప్రియెన్ కొండ వైపు చూపించాడు.

"పైకెళ్ళాడు. టవర్ దగ్గరికి."

"ఏమైనా తాగాడా? తిన్నాడా?"

"గ్లాసు ముట్టలేదు. పాతే ఇస్తే జేబులో కుక్కాడు. వాడికివాళ ఏదో తెగులు."

మూడో పాతే. కళ్ళు పాడైంది చాలక కడుపు కూడా పాడుచేసుకున్నట్టున్నాడు అని తిట్టుకుంటూ మెట్లెక్కాను. ఎక్కుతూ ఎక్కుతూ అనుకున్నాను, రెండో కన్ను కూడా సరిగా లేని మనిషి ఇన్ని వంకర మెట్లు ఎలా ఎక్కాడని. ఆదివారాలు ఇంట్లో చూస్తే మామూలుగానే ఉంటాడు. చెంచా చేతికందుతుంది, కుర్చీ చేతికందుతుంది. కుడి కన్ను బ్రహ్మాండంగా ఉందంటాడు. ఉందేమో మరి, టవర్ ఎక్కుతున్నాడంటే.

పైన గాలి ఉంది. టవర్ ఉంది. ఫొటోలు దిగే కుర్రజంట ఉంది. అన్నయ్య లేడు.

అక్కడ నిలబడి ఊరంతా చూశాను. ఎర్ర పెంకులు, గంట గోపురాలు, వాటి మధ్య ఆకుపచ్చ ముక్కలు. ఆ ఆకుపచ్చలో ఏదో ఒకదాని కింద జేబులో మూడు పాతేలు పెట్టుకుని మా వాడు కూర్చుని ఉన్నాడు. నాకు ఏడుపొచ్చింది. బాధతో కాదు, కచ్చితంగా చెబుతున్నాను, కోపంతో.

దిగివచ్చేసరికి పదకొండు దాటింది. ఆటలో సిప్రియెన్ లేడు. మిగతా ఐదుగురూ గుండ్ల వైపే చూస్తున్నారు, నా వైపు చూడరు. రెండు నిమిషాలకు సిప్రియెన్ గేటు వైపు నుంచి ఆయాసపడుతూ వచ్చాడు.

"అరె, వాడు అప్పుడే దిగిపోయాడే. నీకు ఎదురు రాలేదా? ఉగెట్ దగ్గరికే పోయుంటాడు."

అప్పటికి నాలో తిట్టే శక్తి కూడా లేదు. మళ్ళీ కాలువ గట్టు, మళ్ళీ జెండాల నిచ్చెనలు, మళ్ళీ మార్కెట్టు. కొట్టు పక్కన సీసాల పెట్టె మీద కూలబడ్డాను. చేపల కొట్టు పైన గడియారం పదకొండు ఇరవై చూపిస్తోంది. ఉగెట్ అప్పుడే ఏప్రన్ విప్పి బయటికి పోబోతోంది. నన్ను చూసి ఆగిపోయింది.

"ఇక్కడా లేడు గదూ" అన్నాను.

"లేడు. నువ్వు ఇంటికెళ్ళమ్మా. సాయంత్రం వస్తాడులే."

"సాయంత్రం దేనికి?"

ఆమె గడియారం వైపు చూసింది. ఒకసారి కాదు, మూడుసార్లు. నన్ను వదిలిపెట్టి పోలేక, నా ముందే పోలేక తచ్చాడింది. నీళ్ళ గ్లాసు నా చేతికిచ్చింది. తాగబోతే నీళ్ళు ఒళ్ళో ఒలికాయి, అంతే, అమ్మ నేర్పిన కిటికీలన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. బారులో జనం వింటుండగానే చెప్పేశాను. ఆపరేషన్, పన్నెండు గంటలు, ఫిబ్రవరి, ఇక మిగలని కన్ను, అన్నీ.

ఉగెట్ పిండి చెయ్యి నోటి మీద పెట్టుకుంది.

"ఆపరేషనా? నువ్వు వాణ్ణి వృద్ధాశ్రమంలో వేయడానికి వచ్చావన్నాడే."

"ఎవరన్నారు?"

"వాడే. పొద్దున అందరికీ చెప్పాడు. మా చెల్లెలు ఇవాళ కాగితాలు పట్టుకుని వస్తుంది, కాస్త దాచండి అని. నువ్వేమో ఎవరడిగినా ఇంటి సంగతి, ఇంటి సంగతి అంటివి. ఇంకేమనుకుంటాం?"

ఆమె గబగబా చెప్పుకుపోయింది. నేను కోట దగ్గరికి వచ్చేముందే ఎడ్మండ్ వాణ్ణి మార్కెట్టుకు చేర్చి వెనక్కి పరిగెత్తాడట. నేను తోటలో అరుస్తున్నప్పుడు వాడు పదడుగుల దూరంలో చెట్టు మొదలు వెనకే ఉన్నాడట. నేను టవర్ ఎక్కుతుంటే సిప్రియెన్ వాణ్ణి బయటికి నడిపించాడట.

"నడిపించడమేంటి? అన్నయ్యకు దారి తెలీదా?"

ఉగెట్ నన్ను జాలిగా చూసింది. "నీకు తెలీదా? మార్చి నుంచీ మేమే నడిపిస్తున్నాం. అద్దకాల మైదానంలో చినారు చెట్లు కొట్టేశారు గదా, తెగులు పట్టిందని. ఇరవై రెండు చెట్లు. అప్పటిదాకా నీడ పట్టుకుని ఎలాగో ఇంటికి పోయేవాడు. చల్లగా ఉంటే దారి, వేడి తగిలితే రోడ్డు, అలాగ. ఇప్పుడంతా ఎండేగా, వాడికి తెల్లగా ఒకటే గోడలా ఉంటుందట. అప్పట్నుంచి పొద్దున ఎడ్మండ్, తర్వాత సిప్రియెన్, మైదానం దగ్గర నేను. పదకొండుంపావుకి అక్కడ వదిలేస్తే నేను దాటించి ఇంట్లో దిగబెడతా." మళ్ళీ గడియారం చూసింది. "పదకొండున్నర కావస్తోంది. ఎండలో నిలబడి ఉంటాడు. నీవల్లే పోలేకపోయా."

ఊరంతటికీ తెలుసు. ప్రతి ఆదివారం సూపు వండిపెట్టే నాకు మాత్రం తెలియదు. నేను వెతుక్కుంటూ తిరిగి, ఆయన్ని దాటించాల్సిన మనిషిని పట్టుకుని కూర్చున్నాను.

"నేను వెళ్తా" అన్నాను. "నువ్వు టాక్సీకి ఫోన్ చెయ్. మైదానం అవతలి వైపు ఆగమను."

అద్దకాల మైదానం మార్కెట్టుకు రెండు వీధుల అవతలే. పోయినేడు ఇటు వచ్చినప్పుడు పందిరి వేసినట్టుండేది. ఇప్పుడు తెల్లటి కంకర, ఇరవై రెండు గుండ్రటి సిమెంటు మరకలు. ఈవలి అంచున, ఒక గోడ మూల నీడలో, ఆ నీడ కూడా జరిగిపోయి బూట్ల మీదకు ఎండ వచ్చేసిన చోట, మా అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఒక చెయ్యి గోడ మీద ఉంది. రెండోది కొంచెం ముందుకు చాచి ఉంది. ఎవరైనా వచ్చి పట్టుకుంటారని ఉంచిన చెయ్యి అది. ఎంతసేపటి నుంచి అలా చాచి ఉంచాడో తెలియదు. ఆ చెయ్యి చూశాక, పొద్దుటి నుంచి కూడబెట్టుకున్న తిట్లన్నీ పక్కన పెట్టి దగ్గరికి నడిచాను.

అడుగుల చప్పుడుకు తల తిప్పాడు. "ఉగెట్, ఏంటే ఇంత ఆలస్యం? అది వెళ్ళిపోయిందా?"

నేను ఆయన చెయ్యి తీసుకుని నా మోచేతి మీద పెట్టుకున్నాను. మాట్లాడలేదు. మాట్లాడితే మళ్ళీ గోడకు అంటుకుపోతాడని భయం. ఇద్దరం ఎండలోకి దిగాం.

"ఇక్కడ మొదటి చెట్టు" అన్నాడు నాలుగడుగులకు. "దాని కొమ్మలు నేనే కొట్టేవాణ్ణి ప్రతి ఫిబ్రవరిలో." ఇంకొంచెం నడిచాక అన్నాడు. "మా చెల్లెలి గొంతు విన్నాను. స్టేషన్ దాకా వినబడి ఉంటుంది. పాపం, మోకాలు నొప్పి దానికి."

నేను ఇంకో సిమెంటు మరక దాటించాను.

"నీకొకటి చెప్తా, వాళ్ళకు చెప్పకు. ఆశ్రమం లేదు, గీశ్రమం లేదు. కంటికి ఆపరేషనే. అబద్ధం చెప్పాను మీకు." నా మోచేతి మీద వేళ్ళు బిగిశాయి. "నాకు భయంగా ఉంది. ఇప్పుడు కనీసం నీడేదో ఎండేదో తెలుస్తోంది. వాళ్ళు కత్తి పెట్టాక అది కూడా పోతే? దానితో ఎలా చెప్పను? నాన్న పోయిన రోజు దానికి తొమ్మిదేళ్ళు. నా చొక్కా పట్టుకుని వదల్లేదు. భయపడకు, నేనున్నానుగా అన్నాను. అప్పట్నుంచి నేను దేనికీ భయపడనని దాని నమ్మకం."

కళ్ళ నీళ్ళు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. తుడుచుకుంటే చెయ్యి కదులుతుంది. పుట్టి బుద్ధెరిగాక నేను అంతసేపు నోరు మూసుకున్నది అదే మొదటిసారి.

ఆవలి అంచున టాక్సీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అన్నయ్య ఆగిపోయాడు. విన్నాడు.

"టైం ఎంతయింది, నొయెమీ?"

"పదకొండు నలభై" అన్నాను. "నేనని ఎప్పుడు తెలిసింది?"

"చెయ్యి పట్టుకోగానే. ఉగెట్ చేతికి పిండి ఉంటుంది."

"మరి ఆమెతో అన్నట్టు చెప్పావెందుకు?"

"నువ్వు నోరు మూసుకుని విన్నావ్ గదా" అన్నాడు. "మళ్ళీ ఎప్పుడు దొరుకుతావ్ అలాగ?"

ఆయన్ని టాక్సీలోకి తోశాను, మెల్లిగా ఏమీ కాదు. ఎక్కగానే నా నోరు తిరిగి వచ్చింది. స్టేషన్ రోడ్డు నుంచి టవర్ దాకా ఒక్కొక్క మెట్టూ లెక్కపెట్టి తిట్టాను. డ్రైవరు అద్దంలోంచి చూసి రేడియో కట్టేశాడు. చివరికి ఊపిరి తీసుకోవడానికి ఆగి అసలు సంగతి అడిగాను.

"ఏం తిన్నావ్ పొద్దున్నించి? నిజం చెప్పు. కడుపులో ఏదైనా ఉంటే వాళ్ళు ముట్టుకోరు."

అన్నయ్య కోటు జేబులోంచి కాగితం పొట్లాలు తీశాడు. ఒకటి, రెండు, మూడు. మూడూ నలిగి బిళ్ళలైపోయాయి. తడుముకుంటూ నా ఒళ్ళో పెట్టాడు.

"ఆసుపత్రివాళ్ళు నిన్న రాత్రే చేశారు. సూపు కోసం చెంచా తీస్తుంటే సొరుగులో మోగింది. చూస్తానని పెట్టేశాను, ఇక పొద్దున నీకు చేస్తారని తెలుసు. ఆ సూపు కూడా ముట్టలేదు" అన్నాడు. "ధైర్యం వస్తే పనికొస్తుందని, కడుపు ఖాళీగా ఉంచుకున్నా. నువ్వు తిను. పొద్దున్నించి పరిగెడుతున్నావ్."

తిన్నాను. చల్లారిపోయిన పాతే, ముక్కలు ముక్కలు, అందులోకి నా కన్నీళ్ళు. తింటూనే ఇంకొన్ని తిట్టాను. ఆయన కిటికీ వైపు మొహం పెట్టి వింటూ కూర్చున్నాడు.

ఆసుపత్రి గుమ్మం దగ్గర దిగేసరికి పన్నెండుకు ఆరు నిమిషాలుంది. అక్కడ చెట్టు లేదు, నీడ లేదు. అన్నయ్య చెయ్యి చాచాడు, నేను పట్టుకున్నాను.

"మెట్లెన్ని?" అన్నాడు.

"ఆరు."

ఎక్కాం.